హెల్మెటు వెనక బొట్టు

ఫొటోలో ఏది కోసెయ్యాలో తెలియడమే నా ఉద్యోగం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మావాళ్లు పనికి వలసొచ్చిన ఉత్తరాది ఉక్కు ఊళ్లో, బిష్టుపూర్‌లో ఒక హిందీ వార్తల వెబ్‌సైటు ఆఫీసులో పనిచేసేదాన్ని. ప్రతి వార్త పక్కనా బొటనవేలి గోరంత బొమ్మ ఉండాలి. దాన్నే థంబ్‌నెయిల్ అంటారు. మంత్రిగారి సభ అయితే మంత్రిగారి మొహం, వరద అయితే నీళ్లలో మునిగిన రిక్షా. మిగతా జనమంతా నా కత్తెరకు బలి. ఇంత చదువూ చదివి తలకాయలు కత్తిరిస్తున్నావా అని చుట్టాలు వెక్కిరించేవారు. వాళ్ల తలకాయలు నా చేతికి దొరకలేదు గాని, దొరికితే చెప్పేదాన్ని వాళ్ల పని.

ఆ రోజు సాయంత్రం ఊరవతల ఒక చిన్న కార్ఖానాలో పరంజా కూలిందని కబురొచ్చింది. ఒకరు పోయారు, కొందరికి దెబ్బలు తగిలాయి. పేర్లు తెలియవు. మా నాన్న అక్కడే కాంట్రాక్టరు కింద వెల్డింగు చేసేవాడు. ఆ వారం ఆయనది మధ్యాహ్నం డ్యూటీ. ఫోను ఎత్తాను. అందులోంచి గరగరమని చప్పుడు. ఆఫీసుకున్నది ఒకటే లైను, ఇంటర్నెట్ నడుస్తున్నంతసేపూ మాట్లాడ్డానికి లేదు.

"ఫోటో ఆ రహా హై, లైన్ మత్ కాటో!" అని వెనకనుంచి ఎడిటర్ అరిచాడు. ఫొటో దిగుతోంది, లైను తెంపొద్దట.

ఆ రోజుల్లో బొమ్మ పైనుంచి కిందికి పట్టీలు పట్టీలుగా దిగేది. ముందు ఆకాశం దిగింది. తర్వాత వంగిపోయిన ఇనప గొట్టాలు. తర్వాత జనం వీపులు. ఒక్కో వీపునీ మా నాన్న చొక్కాతో పోల్చుకుంటూ కూర్చున్నాను. ఆఖరి పట్టీలో, బురదలో పడున్న పసుపు పచ్చ హెల్మెటు కనిపించింది. దాని వెనక వైపున ఎర్రటి బొట్టు.

విశ్వకర్మ పూజనాడు పనిముట్లతోపాటు హెల్మెటుకీ కుంకుమ పెట్టడం మా ఇళ్లలో ఉంది. అందరూ ముందువైపే పెడతారు. ఒకసారి ఆ బొట్టు చూసి, ఇది కార్ఖానా అనుకున్నావా, పూజగది అనుకున్నావా అని నాన్నని సేఫ్టీ ఆఫీసరు తిట్టాడు. అమ్మ ఊరుకుంటుందా? "ఆ సాయెబు ఎదర్నుంచి సూత్తాడు, దేవుడు ఎనకనుంచి సూత్తాడు" అని బొట్టు వెనక్కి మార్చేసింది. అలా వెనక బొట్టున్న హెల్మెటు మా నాన్నదొక్కటే అని నా నమ్మకం.

"హెల్మెట్ లే లో. బస్, వహీ కాఫీ హై," అన్నాడు ఎడిటర్ నా భుజం మీదుగా చూస్తూ. హెల్మెటు ఒక్కటి తీసుకుంటే చాలట. గోరంత బొమ్మలో కూడా అది స్పష్టంగా కనబడుతుంది. పని తెలిసినవాడే, అదే నా ఒళ్లు మండించింది. హెల్మెటు చుట్టూ గీత గీసి పెద్దది చేసి చూశాను. బొట్టు కాస్తా నాలుగు ఎర్ర గళ్లుగా విడిపోయింది. ఇంకేమీ తెలియలేదు.

ఎవర్నీ అడక్కుండా ఇంటర్నెట్ తెంపేసి మా పేట బారిడీహ్‌కి ఫోన్ చేశాను. మా లైను ఇళ్లన్నిటికీ పక్కింటి అత్తవాళ్ల ఫోనే దిక్కు.

"ఏటే, ఆఫీసు నుంచా? ఉండు, మీ యమ్మని పిలుత్తాను," అంది అత్త హుషారుగా.

అమ్మ వచ్చింది. నాన్న ఎక్కడ అని అడిగాను.

"ఇంట్లోనే తొంగున్నాడు. జొరం. ఆయన డూటీకి పక్కింటి మావయ్య ఎల్లాడు."

నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేనంత. మా నాన్న బతికే ఉన్నాడు. ఆ నవ్వులోనే అడిగాను, మరి వెనక బొట్టున్న హెల్మెటు ఇంకెవరిదే అని.

"మన లైన్లో అందరం ఇప్పుడు ఎనకే పెడతన్నాం కదే. నానే సెప్పాను. అందరికంటే మొదట మీ యత్తే మావయ్య దానికి పెట్టింది."

వెనక అత్త గొంతు వినబడింది. "ఏటంట వొదినా? హెల్మెట్టు బొట్టు గురించి అడుగుతందా?" అని ఆవిడా నవ్వుతోంది.

"అమ్మా, గట్టిగా మాట్లాడకు," అన్నాను. పరంజా సంగతి చెప్పాను. నాన్నని లేపి అత్తతో ఆసుపత్రికి పంపించమన్నాను. అమ్మ అత్తతో, "ఏటీ లేదొదినా, ఓపాలి మాయింటికి రా" అంటూ ఫోన్ పెట్టేసింది.

ఎడిటర్‌కి వంగిన గొట్టాల ముక్క కోసి ఇచ్చాను. హెల్మెటు ఏదని తిట్టాడు. తిట్టనీ అని ఊరుకున్నాను. మావయ్య కాకుండా చూడు తండ్రీ, ఇంకెవరైనా సరే అని లోపల ఒకటే మొక్కు. అంతకుముందు నాన్న కోసమూ ఇదే మొక్కాను.

చీకటి పడ్డాక అమ్మ ఫోన్ చేసింది. మావయ్యకి కాలు విరిగిందట, మెలకువ వచ్చి టీ అడుగుతున్నాడట. నేను బాత్రూములోకి వెళ్లి భోరున ఏడ్చాను. సంతోషంతోనే.

మర్నాడు పొద్దున పోయిన మనిషి ఫొటో వచ్చింది. గేటు పాసు మీదిది. ఎక్కడో అడవి పల్లెనుంచి పనికొచ్చిన కుర్రాడట. జుట్టు తడిపి నున్నగా దువ్వుకున్నాడు, చొక్కాకి పై గుండీ కూడా పెట్టుకున్నాడు. థంబ్‌నెయిల్ చేసి పెట్టమన్నాడు ఎడిటర్.

కోయడానికి అందులో ఏమీ లేదు. అప్పటికే గోరంత బొమ్మ, అందులో అతని మొహం ఒక్కటే ఉంది. నిన్న నేను దేవుణ్ణి రెండుసార్లు అడిగిన ఆ ఇంకెవరో ఇతనే.