పది మార్కుల కృత్యం

మీలో ఎవరికైనా పాఠ్యపుస్తకాలు రాసే ఆలోచన ఉంటే ఇది చదివాక మానుకుంటారేమో చూడండి. నేను ఒకే ఒక్క పాఠం రాసి ఒక పై అధికారినీ, ఒక కొత్త తెల్లచొక్కానీ, నా ఉద్యోగాన్నీ ఒక్క పూటలో ఎలా పాడుచేశానో చెప్పబోతున్నాను. చొక్కా నాదే. కుట్టుకూలి కూడా ఇంకా ఇవ్వలేదు.

తొంభైల చివరి రోజులవి. విజయనగరంలో పుట్టి పెరిగి, ఎం.ఇడి. పట్టా పుచ్చుకుని, పిల్లల చదువు గురించి నాకు తెలియనిదంటూ లేదని నమ్మే వయసులో ఉన్నాను. ఏజెన్సీ బడులకు కొత్త పాఠ్యప్రణాళిక తయారుచేసే చిన్న బృందంలో, పాడేరులో, కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. అప్పటిదాకా అక్కడి పిల్లలు చదివే పుస్తకంలో మొదటి పాఠం ఓడరేవు, రెండోది జంతు ప్రదర్శనశాల. సముద్రం ఎలా ఉంటుందో చూడని పిల్లలకి ఓడరేవు. ఎలుగుబంటిని పెరట్లో చూసే పిల్లలకి బోనులో ఎలుగుబంటి. నాకు ఒళ్ళు మండిపోయింది. నిజంగానే మండింది, అందులో వేళాకోళమేం లేదు.

ఒకే అంశాన్ని తీసుకుని అన్ని సబ్జెక్టుల్లోనూ నడిపించాలన్నది నా పథకం. చైత్రమాసంలో అక్కడ చేసుకునే ఇటుకల పండగని ఎంచుకున్నాను. ఆ రోజుల్లో మగవాళ్ళు కొండమీదికి వేటకి వెళ్తారు. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా దుంగ వేసి, పాటలు పాడి, వచ్చేపోయే బళ్ళవాళ్ళ దగ్గర పండగ చందా పుచ్చుకుంటారు. వేట దొరక్క వట్టిచేతుల్తో కొండ దిగొచ్చిన మగాడికి ఊరి మొగలోనే పేడనీళ్ళతో స్నానం. దీన్ని తెలుగులో వ్యాసం చేశాను, సాంఘికంలో ఆచారం చేశాను, లెక్కల్లో కుందేలుని వాటాలు వేయించాను. సైన్సుకి ఏమీ మిగల్లేదు గనక 'వన్యప్రాణుల రక్షణ' అని పెట్టాను.

ముందుగా పాఠాన్ని హుకుంపేట అవతలి బళ్ళో నేనే చెప్పి చూశాను. ఎనిమిదో తరగతిలో కాసులమ్మ అని ఒక గుంట ఉండేది. ఏ మాటైనా ఒకసారి వింటే చాలు, మరిచిపోదు. నాలుగో పీరియడు సగంలో లేచి నిలబడింది.

"మాస్టారూ, లెక్కల పీరియడ్లో కుందేల్ని పంచుకోమన్నారు. సైన్సు పీరియడ్లో సంపకూడదన్నారు. బతికుండగానే పంచుకోవాలేటండీ?"

"కూర్చో," అన్నాను. ఆ వయసులో నా దగ్గర అన్ని ప్రశ్నలకీ ఉన్న జవాబు అదే.

పాఠం చివర పిల్లలు చేయవలసిన పని ఒకటి ఉండాలి గదా. దాన్నే మా భాషలో కృత్యం అంటారు. నేనిలా రాశాను: 'మీ ఊరి పండగలో మీరు చేసే పనిని నిజంగా చేసి చూపండి. ఊరికి వచ్చిన అతిథులను కూడా ఇందులో భాగస్వాములను చేయండి. మార్కులు పది.' అతిథుల మాట రాసినందుకు ఆ రాత్రి నన్ను నేనే మెచ్చుకుని పడుకున్నాను.

ఇక పుస్తకానికి ఆమోదం కావాలి. హైదరాబాదు నుంచి రఘుపతిరావు గారని ఒక పరిశీలకుడు వచ్చి, క్లాసు చూసి, సంతకం చెయ్యాలి. ఆయన సంతకం చేస్తే పుస్తకం అచ్చుకి వెళ్తుంది. చెయ్యకపోతే పిల్లలు మళ్ళీ ఓడరేవుకి, నేను విజయనగరంలో మా మావయ్య కిరాణాకొట్టుకి. మావయ్య అప్పటికే గల్లాపెట్టె పక్కన నాకో స్టూలు వేసి ఉంచాడు. ఆ స్టూలు తలుచుకుంటేనే నాకు చెమటలు పట్టేవి. తేదీ నన్నే చూడమన్నారు. చూశాను.

మా బృందంలో సలోమి టీచరని ఉండేవారు. హుకుంపేట దగ్గర మిషన్ బడిలో చదివి, అక్కడే పాఠాలు చెప్పి, మాలోకి వచ్చారు. నాకన్నా పెద్దావిడ, నన్ను చూసి ఏనాడూ భయపడలేదు.

"ఏటి మాస్టారూ, ఆ వారమా?" అన్నారు తేదీ చూసి.

"ఏం? కేలండర్లో ఎర్ర అంకె లేదే."

"కేలండరు హైదరాబాదులో అచ్చేసినారు. పండగ మా ఊళ్ళలో సేత్తారు."

"టీచరుగారూ, ఆ పండగ మీద పాఠం రాసింది నేను."

"రాసినారు. సదివినారా?"

నేను వినిపించుకోలేదు. ఆ మాట ఇప్పటికీ అప్పుడప్పుడూ వినిపిస్తూనే ఉంటుంది.

ఆ రోజు పొద్దున్నే పాడేరు నుంచి జీపులో బయల్దేరాం. ముందు సీట్లో రఘుపతిరావు గారు, ఒళ్ళో ఫైలు. వెనక నేనూ, సలోమి టీచరూ. హుకుంపేట దాటాక మొదటి మలుపులో రోడ్డుకి అడ్డంగా దుంగ. దుంగకవతల పాడుతూ, ఒకరి నడుం ఒకరు పట్టుకుని ఆడుతూ ఆడవాళ్ళు.

"ఇదేమిటయ్యా?" అన్నారు రఘుపతిరావు గారు.

"స్థానిక సంస్కృతి సార్," అన్నాను గర్వంగా.

ఆయన నవ్వుతూనే చందా ఇచ్చారు. రెండో మలుపులో ఇంకో దుంగ. అక్కడ నవ్వలేదు, ఇచ్చారు. మూడో మలుపులో దుంగ మీద కూర్చున్నవాళ్ళు మా ఎనిమిదో తరగతి ఆడపిల్లలు. ఏ క్లాసు చూపించడానికి ఆయన్ని తీసుకొస్తున్నానో ఆ క్లాసు అక్కడ ఉంది.

"కాసులమ్మా, బడి మానేసి ఇక్కడేం చేస్తున్నావు?"

"కృత్యం మాస్టారూ."

"ఏం కృత్యం?"

"మీరిచ్చిందే మాస్టారూ. నిజంగా సేసి సూపమన్నారు గదా. పది మార్కులు." తరవాత ముందు సీటు వైపు చూసి అంది, "ఆ బాబుగారు అతిథులా అండీ?"

రఘుపతిరావు గారు వాచీ చూసుకున్నారు. "బడి ఇంకా ఎంత దూరం? ఇలాంటి దుంగలు ఇంకెన్ని?" అన్నారు. ఆ గొంతు వినగానే నాకు స్టూలు కనబడింది. చొరవ చూపించాల్సిన సమయం ఇదే అనుకున్నాను.

"కొండమీంచి అడ్డతోవ ఉంది సార్. నడిచిపోతే ఒక్క దుంగ కూడా ఉండదు."

సలోమి టీచరు నా మోచెయ్యి పట్టుకున్నారు. "ఆ తోవంట ఎల్తే అడివి వేపు నుంచి ఊళ్ళో దిగుతాం మాస్టారూ. ఇయాల అలాగ దిగకూడదు."

"ఎందుకు దిగకూడదు?"

"మీ పాఠంలో నాలుగో పేరా," అని ఆవిడ జీపులోనే ఉండిపోయారు.

అంత తొందరలో నాలుగో పేరా ఎవరికి గుర్తుంటుంది చెప్పండి? పైగా నాకు కోపం వచ్చింది. పై అధికారి ముందు నా పాఠం నాకే అప్పజెప్పడమా అని. ఆయన్ని తీసుకుని కొండెక్కాను. ముళ్ళకంపలు గీరుకున్నాయి, ఆయన బూటు ఒకటి వాగులో దిగబడింది, నేను దారి పొడుగునా పాఠ్యప్రణాళిక సిద్ధాంతాలు వివరించాను.

ఊరి మొగలో దిగేసరికి ఆడవాళ్ళు బారుగా నించున్నారు, చంకల్లో కుండలతో. మా ఇంట్లో నేర్పిన మర్యాద ప్రకారం పెద్దవారిని ముందు నడవనిచ్చాను. ఇప్పటికీ ఆయన నమ్మరుగానీ అది మర్యాదే.

అందరిలోకీ పెద్దావిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. "కొండ మీంచేటి తెచ్చినారు బాబూ?"

ఆయనకేం అర్థం కాలేదు. చేతిలో ఉన్నది పైకెత్తి చూపించారు. "ఫైలు," అన్నారు.

"ఫైలు కూరొండుకుంటామేటి?" అందావిడ, కుండ ఎత్తింది.

వట్టిచేతుల్తో కొండ దిగే మగాడి గురించి రాసిన నాలుగో పేరా నాకు అప్పుడు గుర్తొచ్చింది. వాక్యం వాక్యం గుర్తొచ్చింది. నేను నోరు తెరిచే లోపల రెండో కుండ నా మీద పడింది. ఆ క్షణంలో నోరు తెరవడం ఎంత తప్పో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఊరంతా పడీపడీ నవ్వింది. కళ్ళు తుడుచుకుని చూస్తే మా జీపు బడి ముందు ఆగి ఉంది. మేం కొండెక్కగానే సలోమి టీచరు చందా ఇచ్చి, ఆడపిల్లల్ని జీపులో ఎక్కించుకుని, మాకన్నా ముందే వచ్చేశారట. ఆ తరవాత ఒక్క దుంగ కూడా లేదట.

రఘుపతిరావు గారు గడ్డం మీంచి కారుతున్నది తుడుచుకుని, చాలా నెమ్మదిగా అడిగారు. "ఈ ఆచారం సంగతి మీకు ముందు తెలుసా, తెలియదా?"

ఏం చెప్పమంటారు? తెలుసంటే, మరి నన్నెందుకు ఈ దారిన తెచ్చావంటారు. తెలియదంటే, మరి పాఠం ఎవరు రాశారంటారు. నేను నీళ్ళు నమిలాను. పేడనీళ్ళే.

జవాబు కాసులమ్మకి వచ్చింది.

"మాస్టారికి తెలుసండీ. ఆరే రాసినారు," అని చేతులు కట్టుకుని నించుని నాలుగో పేరా మొదలెట్టింది. తడుముకోకుండా చివరిదాకా అప్పజెప్పింది. అక్కడితో ఆగలేదు. పండగలో ముందు విత్తనాలకి ఎందుకు పూజ చేస్తారో, పుస్తకంలో నేను రాయనిది కూడా, సొంతమాటల్లో చెప్పింది. మిగతా పిల్లలు అందుకున్నారు. పేడ ఆరుతున్న చొక్కాతో రఘుపతిరావు గారు బడి అరుగు మీద కూర్చుని ప్రశ్న మీద ప్రశ్న అడిగారు. ఒక్కరూ తలదించుకోలేదు. ఓడరేవు పాఠం అడిగినప్పుడు ఇదే పిల్లలు నేలచూపులు చూసేవారు. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది. ఆయన ముందు ఏడవడం బాగోదని ఊరుకున్నాను.

బావి దగ్గర స్నానం చేసి, ఊరి మాస్టారి లుంగీ కట్టుకుని, ఆయన సంతకం పెట్టారు. కలం మూత బిగిస్తూ నాతో అన్నారు, "పాఠం పాసయింది. తప్పింది మీరు."

పుస్తకం అచ్చయింది. నెల తిరిగేసరికి నేను విజయనగరంలో ఆ స్టూలు మీద కూర్చుని చింతపండు పొట్లాలు కడుతున్నాను. ఏజెన్సీ బడుల్లో పనికిరాకుండా పోయిన పాత పుస్తకాలు తూకానికి మా మావయ్యే కొన్నాడు. ఓడరేవు పాఠం పావుకిలో చింతపండుకి సరిగ్గా సరిపోయేది. దాన్ని చింపిన ప్రతిసారీ కడుపు నిండినట్టుండేది.

కొట్టుకి వెళ్ళే ముందు కాసులమ్మకి పదికి పది వేశాను. అతిథులను భాగస్వాములను చేసినందుకు.

తరవాత వేరే ఊళ్ళో వేరే ఉద్యోగం దొరికింది, ఇంకా ఎన్నో పాఠాలు రాశాను. కానీ సరస్వతీదేవి సాక్షిగా ఒక ఒట్టు పెట్టుకున్నాను, ఇంతవరకూ తప్పలేదు. చైత్రమాసంలో, ఎంత పై అధికారి వెంట ఉన్నా సరే, చంకలో ఒక కోడిపెట్టయినా లేకుండా నేను ఏ కొండా దిగను.