నీడ పట్టిక

విచారణ నివేదికలో నీడక్క గురించి నాలుగే వాక్యాలున్నాయి. టైపు చేసింది నేనే కాబట్టి నాలుగూ కంఠతా వచ్చు. పార్కుల్లో వేసవి కార్యక్రమాల ప్రణాళిక ఆమె బాధ్యత. పదకొండో పార్కును స్వయంగా చూడకుండానే ఆమె పట్టిక మీద సంతకం పెట్టింది. ఆ కారణంగా తొమ్మిదేళ్ళ బాలిక వడదెబ్బతో మరణించింది. ఆమెను విధుల నుంచి తొలగించడమైనది. ఒక్క అబద్ధం లేదు. అయినా ఆ కాగితం గుర్తొస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇరవై ఆరేళ్ళ చాకిరీని నాలుగు ముక్కల్లో ముగించారు, అందులో నా వాటా ఒక్క ముక్కా లేదు.

పార్కుల ఆఫీసులో మా బల్లలు ఎదురెదురు. నాది టైపు, వచ్చిన ఉత్తరాల మీద ముద్ర వేసి ఫైళ్ళలో పెట్టే పని. ఆవిడది వేసవి. అంటే బళ్ళు మూసిన రోజు నుంచి తెరిచే రోజు దాకా, పదకొండు పార్కుల్లో పిల్లలు పొద్దున ఆరున్నర నుంచి పదకొండు వరకు ఏం ఆడాలి, ఎక్కడ ఆడాలి, ఎవరు ఆడించాలి అన్నదంతా ఆవిడ తలనొప్పి. మా ఊళ్ళో ఆడవాళ్ళు సగం మంది కుట్టు ఫ్యాక్టరీల్లో పొద్దుటి షిఫ్టుకి పోతారు. బడి లేకపోతే పిల్లల్ని రేకుల గదిలో పెట్టి తాళం వేసుకుని పోవాలి. ఆ గదుల్లో పది దాటితే నీళ్ళ బిందె కూడా వేడెక్కుతుంది. అందుకని పార్కు.

ఆవిడ పనిలో చేరిన కొత్తలో వేసవి కార్యక్రమం అంటే ఒక బంతి, ఒక విజిల్, ఒక మాస్టరు. మొదటి ఏడాదే ఒక పిల్లాడు మిట్టెండలో కళ్ళు తిరిగి ఆవిడ చేతుల్లోనే పడ్డాడు. వాడు బతికాడు. కానీ ఆ రోజు నుంచి ఆవిడకి ఒకటే పిచ్చి. నా పార్కులో ఒక్క పిల్ల కూడా ఎండకి పడకూడదు. అంతే, ఇంకో మాట లేదు.

దానికోసం ఆవిడ కనిపెట్టిందే నీడ పట్టిక. ఆవిడకి నీడక్క అన్న పేరు వచ్చిందీ దానివల్లే. పరీక్షల నెలలో, రోజుకొక పార్కు చొప్పున, డబ్బాలో సున్నప్పొడి వేసుకుని బయలుదేరేది. పొద్దున్నుంచి అక్కడే ఉండి గంట గంటకీ నీడ అంచు వెంబడి గీత గీసేది. ఏ చెట్టు కింద ఎంతమంది పడతారు, ఏ గోడ నీడ ఎన్నింటికి చచ్చిపోతుంది, అన్నీ నోట్‌బుక్కులో. ఆ గీతల్ని బట్టి ఆటలు. పరుగుల ఆటలు ఆరున్నరకి తూర్పు గోడ పక్కన, తాడాట ఎనిమిదికి నీళ్ళ ట్యాంకు నీడలో, ఆఖరి గంటకి ఉన్నవాటిలోకెల్లా పెద్ద చెట్టు కింద ఏదో ఒక కదలని ఆట. అలసిన పిల్లలు చల్లబడాలని ఆవిడే కల్పించిన ఆట ఒకటుంది, విగ్రహాలాట. నోరెత్తకుండా, కదలకుండా నిలబడాలి. కదిలినవాళ్ళు కూర్చోవాలి. చివరిదాకా నిలబడినవాళ్ళకి కాగితం కిరీటం.

"పిల్లలు గంట సేపు కుదురుగా ఉన్నారంటే అది నా తెలివే," అనేది మీసం లేకపోయినా మెలేస్తున్నట్టు వేళ్ళు తిప్పి.

వాళ్ళాయన బస్సు డిపోలో మెకానిక్కు. "మా ఆవిడకి ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలీదు గానీ, ఊళ్ళో ఏ నీడ ఎన్ని గంటలకి ఎక్కడుంటుందో అడగండి," అని ఏడిపించేవాడు. ఆవిడ నవ్వేసేది. పని దగ్గర మాత్రం నవ్వుల్లేవు. పట్టిక దాటితే చాలు, మనిషి మీద పడిపోయేది. నాలుగేళ్ళ క్రితం ఒక ఆటల మాస్టరు, గాలి బాగా వస్తోందని పిల్లల్ని ట్యాంకు నీడలోంచి నడిమధ్యకి తీసుకెళ్ళాడు. పావుగంటే. ఆ సాయంత్రానికల్లా అతన్ని పంపించేసింది.

"సొంత తెలివి ఇంటి దగ్గర పెట్టి రండి. ఇక్కడ పట్టికలో ఏముంటే అదే," అని ఆ తర్వాత ప్రతి ఏడూ కొత్తవాళ్ళకి చెప్పేది. వాచ్‌మన్లకి కూడా అదే పాఠం. చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. చివరికి అందరికీ అది బాగానే వంటబట్టింది.

ఆ ఏడు సరిగ్గా నడక మొదలుపెట్టే వేళకి ఇళ్ళ లెక్కల డ్యూటీ పడింది. ఆఫీసులో సగం మందిని వీధుల్లోకి తోలారు, ఆవిడతో సహా. ఆవిడ అధికారి గదిలోకి వెళ్ళి గొడవపడింది. తలుపు తెరిచే ఉంది, మేమంతా విన్నాం.

"సార్, నాకు పదకొండు రోజులు కావాలి. నడవకుండా పట్టిక వెయ్యలేను."

"పోయినేటిది ఉంది కదమ్మా? తారీఖులు మార్చి పంపించండి. సూర్యుడేమైనా దారి మార్చుకున్నాడా?"

గదిలో ఉన్నవాళ్ళు నవ్వారు. బయట నేనూ నవ్వాను, దాచడమెందుకు.

ఆవిడ వదల్లేదు. పొద్దున పార్కు, మధ్యాహ్నం నుంచి చీకటిపడేదాకా ఇళ్ళ లెక్కలు. కాళ్ళు వాచిపోయి చెప్పుల్లో పట్టేవి కాదు. అలా పది పార్కులు పూర్తిచేసింది. పట్టికలు పంపాల్సిన రోజుకి మిగిలింది ఒకటే, పదకొండోది. ఆవిడ మొట్టమొదట పనిచేసిన పార్కు అదే, ఆ పిల్లాడు పడిందీ అక్కడే. ఇరవై ఆరేళ్ళుగా గీతలు గీస్తున్న నేల.

"ఇదొక్కటీ వదిలేస్తానే," అంది నా బల్ల మీద చెయ్యి ఆనించి. "కళ్ళు మూసుకుని చెప్పగలను. అంత పెద్ద నిద్రగన్నేరు చెట్టు ఉండగా ఆ పార్కుకి లోటేంటి? పోయినేటిదే కొట్టెయ్."

కొట్టేశాను. పది నుంచి పదకొండు, నిద్రగన్నేరు కింద, విగ్రహాలాట. అలా ఆరు వారాలకీ, వారానికొక పేజీ. ఆవిడ అన్నిటి కిందా సంతకం పెట్టింది.

ఇప్పుడు నా ముక్క. అదే రోజు పొద్దున, ఆవిడ నా బల్ల దగ్గరికి రాకముందు, కరెంటు ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. పదకొండో పార్కులో నిద్రగన్నేరు తీగలకి అడ్డంగా ఉందని పోయిన వారం కొట్టేశాం అని. నేను చదివాను. ముద్ర వేశాను, అంకె వేశాను. పైన 'విషయం: చెట్టు తొలగింపు' అని ఉంది కాబట్టి చెట్ల ఫైల్లో పెట్టాను. మా ఆఫీసులో ఒక కాగితం ఒక ఫైల్లోకే పోతుంది, వేసవి ఫైల్లోకి చెట్టు కాగితం పోదు. రెండు గంటల తర్వాత అదే చేత్తో 'నిద్రగన్నేరు కింద' అని ఆరుసార్లు కొట్టాను. తట్టలేదు. నా వేళ్ళు టైపు చేస్తుంటాయి, బుర్ర బజార్లో కూరగాయలు బేరమాడుతుంటుంది. ఎంత తిట్టుకున్నా జరిగింది అదే.

వేసవి మొదలైంది. పదకొండో పార్కుకి ఆ ఏడు కొత్త టీచరమ్మ. మూడో రోజు దాకా మబ్బు పట్టి ఉంది, ఎవరికీ ఏమీ తెలియలేదు. నాలుగో రోజు ఎండ పేలిపోయింది. పది కాగానే టీచరమ్మ పిల్లల్ని చెట్టు దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడున్నది మోకాలెత్తు మొద్దు.

"నీడ లేదే ఇక్కడ? నిన్నటిదాకా అంటే మబ్బు. ఇవాళ పిల్లల్ని గోడ పక్కకి తీసుకుపోనా?" అని వాచ్‌మన్ని అడిగిందట.

"పట్టికలో ఏం రాసుంది?"

"చెట్టు కింద అని."

"అయితే ఇక్కడే కానివ్వండమ్మా. ఆవిడ సంగతి మీకు తెలీదు, పట్టిక దాటినందుకు ఒకాయన ఉద్యోగమే ఊడగొట్టింది."

నలభై రెండు మంది పిల్లలు మొద్దు చుట్టూ నిలబడ్డారు. కదిలితే ఓటమి, నోరెత్తితే ఓటమి. ఒక్కొక్కళ్ళే కూర్చున్నారు, కొందరు ఏడుస్తూ గోడ దగ్గరికి పరిగెత్తారు. ఒక పిల్ల మాత్రం కదల్లేదు. యాభై నిమిషాలు. టీచరమ్మ చప్పట్లు కొట్టి కాగితం కిరీటం పెడితే నవ్విందట. కుళాయి దగ్గరికి నాలుగు అడుగులు వేసి పడిపోయింది. ఆసుపత్రికి చేరేసరికే ఏమీ మిగల్లేదు.

ఫోను వచ్చినప్పుడు నీడక్క నా ఎదురుగానే ఉంది. "చెట్టు కిందే కదా? చెట్టు కిందే కదా?" అని రెండుసార్లు అడిగింది. అవతల ఏం చెప్పారో, ఫోను పెట్టేసి తన చేతులకేసి చూసుకుంటూ కూర్చుంది. నేను చెట్ల ఫైలుకేసి చూశాను.

మర్నాడు ఆ పిల్ల ఇంటికి వెళ్తానంది. వద్దని అందరూ అన్నారు, తంతారని కూడా అన్నారు. నేను తోడు వెళ్ళాను. రేకుల గది, కుట్టు మిషను, కింద గుడ్డ పీలికలు. గోడ మేకుకి కిరీటం తగిలించి ఉంది. వాళ్ళమ్మ ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన మనిషి, గుసగుసగా మాట్లాడింది.

"నీడక్క దగ్గరికే కదా పోతోందని నీళ్ళ సీసా కూడా ఇవ్వలేదమ్మా. టోపీ పెట్టుకోవే అంటే, 'అక్కడ ఎండ ఉండదమ్మా' అంది. నేనూ నిజమే కదా అనుకున్నాను."

జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చినా బాగుండేది. తిరిగి వస్తుంటే నీడక్క దారంతా రోడ్డు మధ్యలోనే నడిచింది, పక్కన అరుగుల నీడ ఉన్నా.

విచారణకి ముగ్గురు వచ్చారు. అధికారి కూడా వాళ్ళ పక్కనే కుర్చీ వేసుకున్నాడు. సూర్యుడు దారి మార్చుకున్నాడా అని అడిగిన నోరు ఆ రోజు పెగల్లేదు.

"చెట్టు కొట్టేసినట్టు ముందే ఉత్తరం వచ్చింది. అది ఎవరి చేతికి వచ్చింది?" అని వాళ్ళలో పెద్దాయన అడిగాడు.

నా చేతికే వచ్చింది. చెప్పాలి. నోరు తెరిచాను కూడా. కానీ ఇంట్లో ఇద్దరు పిల్లలు, నా జీతం ఒక్కటే ఆధారం, ఇవన్నీ ఆ అర క్షణంలోనే గుర్తొచ్చాయి. పిరికితనానికి జ్ఞాపకశక్తి ఎక్కువ.

"నా బల్ల మీదికే వచ్చింది సార్," అంది నీడక్క. "నేను చూసుకోలేదు."

తిలాపాపం తలా పిడికెడు అంటారు. మా పాపంలో ఎన్ని పిడికిళ్ళున్నాయో లెక్కేసుకోండి. నాది, అధికారిది, వాచ్‌మన్ది, టీచరమ్మది. ఆవిడ అన్నీ పోగుచేసి తన కొంగున కట్టుకుంది. నేను తెరిచిన నోరు మూసుకున్నాను.

నెల తిరక్కుండా ఇంకో కాగితం టైపు చేశాను. ఇకమీదట వేసవిలో పార్కుల్లో ఏ కార్యక్రమమూ ఉండదు, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా గేట్లకి తాళం. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పుపెట్టడం అంటే ఇదే. పిల్లలు మళ్ళీ రేకుల గదుల్లోకి పోయారు. అక్కడ ఎవరు పడినా మా ఆఫీసుకి సంబంధం లేదు.

మరుసటి వేసవి నిద్రపట్టక, ఒక సెలవు రోజు ఆవిడ ఇంటికి వెళ్ళాను. నిజం రాసిన కాగితం సంచిలో పెట్టుకున్నాను, ఆవిడ ఊ అంటే పెద్దవాళ్ళకి ఇచ్చేద్దామని. వాళ్ళాయన తలుపు తీశాడు. జోకులు వేసే మనిషి సగమైపోయాడు.

"మేడ మీద ఉందమ్మా. పది నుంచి పదకొండు దాకా అక్కడే. చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. గొడుగు పట్టుకెళితే విసిరేసింది. నువ్వైనా చెప్పు."

మెట్లెక్కాను. బట్టలారేసే తీగ పక్కన, మధ్యలో, ఎండలో నిలబడి ఉంది. చేతులు పక్కలకి దించి, విగ్రహంలా. చెమట గడ్డం మీంచి కారుతున్నా తుడుచుకోవడం లేదు.

"అక్కా, ఆ ఉత్తరం నాకొచ్చింది. నేనే చెట్ల ఫైల్లో పెట్టేశాను."

"తెలుసే. ముద్ర మీద నీ పొట్టి సంతకం ఉందిగా." తల తిప్పలేదు, పెదాలు మాత్రం కదిలాయి.

"మరి ఎందుకు చెప్పావు అలా? రాసుకొచ్చాను. ఇచ్చేస్తాను."

"ఇస్తే ఇవ్వు, మానితే మాను, అది నీకూ దేవుడికీ మధ్య సంగతి. నేను ఒక్క పూట నడిచి ఉంటే మొద్దు కనపడేది కదే. నీ ఉత్తరంతో పనేముంది?"

"కిందకి రా అక్కా. పడిపోతావ్."

"ఇంకా ముప్పై ఐదు నిమిషాలుంది."

ఏం చెయ్యాలో తోచలేదు. వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డాను, చేతులు దించుకుని, అలాగే. మాడు మీద మంట మొదలైంది. కళ్ళ ముందు తెల్లగా అయిపోయింది. నాలుక అంగిలికి అతుక్కుంది. ఇక లాభం లేదని మెట్ల నీడలోకి వచ్చి కూలబడి వాచీ చూసుకున్నాను.

ఆరు నిమిషాలు.