రెండో సీసా

ఈ ఉదయం ఎమ్మారై గదిలో చప్పుడు మొదలైంది. మా కొల్లేరు లంకలో చేపల చెరువుకు నీళ్ళు తోడే ఇంజను చప్పుడు లాంటిదే అది. అది వినగానే సుగుణ మేడమ్ గారు గుర్తొస్తారు. వెంటనే ఆవిడ మీద నాకున్న కోపాలూ గుర్తొస్తాయి. ఏలూరులోని ఈ స్కానింగు సెంటరుకు ఆవిడ పెద్ద డాక్టరు. పెంటపాడు మనిషి. నేను మిషను నడిపే టెక్నీషియన్ని. మిషను ప్రారంభించిన రోజు డ్రైవరుతో సహా అందరికీ దండలు వేశారు, నాకు తప్ప. ఆరేళ్ళ తరవాత ఆ మాట ఎత్తితే ఆవిడ నవ్వి, "దండలు ఆ సాయంత్రానికే వాడిపోయాయి కదయ్యా రంగారావూ, నువ్వింకా వాడలేదే!" అన్నారు.

మామూలు స్కానులో మెదడు బొమ్మ వస్తుంది. అదే మిషనుతో ఇంకో పరీక్ష చేయవచ్చు. మెదడులో రేగిపండంత చోటు ఎంచుకుంటే, అక్కడ ఏ పదార్థం ఎంతుందో చూపిస్తూ గుట్టలు గుట్టలుగా ఒక గీత వస్తుంది. "బొమ్మ ఇల్లెలా ఉందో చెబుతుంది. గీత ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతోందో లేదో చెబుతుంది" అనేవారు మేడమ్. ఆ గీత నేర్పడానికి మూడు నెలలు నన్ను మనిషిని ముట్టనివ్వలేదు. రోజూ పొద్దున్నే మందునీళ్ళు నింపిన ఒక సీసాను మిషనులో పెట్టి గీత తీయాలి. ఏం కలిపారో ముందే తెలుసు కాబట్టి తప్పు చేస్తే దొరికిపోతాను. "నేను చదువుకుంది సీసా కోసమాండీ?" అని అడిగాను. "నువ్వు రోజంతా ఫిర్యాదు చేస్తావు, అది ఒక్కటీ చెయ్యదు. మీ ఇద్దరికీ బాగా కుదురుతుంది" అన్నారు.

ఆ తరవాత అత్తిలి దగ్గర నుంచి భార్యాభర్తలు నాలుగేళ్ళ పాపను తీసుకొచ్చారు. మేనరికం. పాపకు మూర్ఛలు, ఒక్క మాట రాదు. ఎక్కడ బొమ్మ తీసినా బాగానే ఉందన్నారు. "'మీరు పిల్లతో మాట్లాడట్లేదమ్మా, అందుకే మాటలు రాలేదు' అని ఒక డాక్టరు గారు అన్నారండి" అని తల్లి నాతో చెప్పింది. ఆ మాట ఆమెకు ఎక్కడ గుచ్చుకుందో నాకు వేరే చెప్పాలా? పాప మెడలో తాయెత్తు ఉంది. లోహం ఉంటే గీత చెడుతుంది. "తీసేయమ్మా" అంటే, "ఆయ్, తీసేశానండి" అని కొంగున కట్టుకుంది. ఆ సంగతి పుస్తకంలో రాసి పెట్టాను.

గీతలో మూడు పెద్ద గుట్టలు రావాలి. రెండే వచ్చాయి. మధ్యలో క్రియాటిన్ ఉండాల్సిన చోటు కోసిన వరిచేనులా చదునుగా ఉంది. మెదడుకు బలం నిలవ ఉంచే పదార్థం అది. పాప కదలకుండా ఇచ్చిన మత్తు దిగకముందే మరో రెండుసార్లు తీశాను. అదే గీత.

మేడమ్ దాన్ని పెద్ద ఊళ్ళోని ఒక నిపుణుడికి పంపించి, అందరి ముందే ఫోను స్పీకరులో పెట్టారు. "మీ టెక్నీషియను పిల్ల మెడలో ఏ తాయెత్తో గొలుసో తీయకుండా చేసుంటాడండి. పిల్లని పంపండి, ఇక్కడ సరిగ్గా తీస్తాం" అన్నాడాయన. అది విని తండ్రి లేచి నిలబడ్డాడు. "మళ్ళీ మత్తు మా వల్ల కాదండి. ఇంక ఎక్కడికీ తిప్పం. ఇంటికెళ్ళిపోతాం" అన్నాడు. వాళ్ళు గుమ్మం దాటితే మళ్ళీ రారని గదిలో అందరికీ తెలుసు. నేను ఆ డాక్టరు మీద ఫిర్యాదు రాయడానికి కాగితం తీశాను.

"ఉత్తరం తరవాత. ముందు నన్ను మిషనులో పడుకోబెట్టు" అన్నారు మేడమ్.

గాజులు, దుద్దులు, శిలువ గొలుసు, తలపిన్నులు ఒక్కొక్కటే తీసి ఆ తల్లి చేతిలో పెట్టారు. "అదే చోటు, అవే కొలతలు. ఒక్క అంకె మార్చావో, ఊరుకోను." నేను మార్చలేదు. మూడు గుట్టలూ వచ్చాయి. రెండు గీతలూ పక్కపక్కన పెట్టి, ఆ నిపుణుడికి కాదు, ముందు తల్లిదండ్రులకు చూపించారు. "మా రంగారావు తప్పు చేస్తే నాదీ చెడాలి కదండీ. మధ్యలో పాపకు లేనిది చూడండి. తిండితో పాటు ఇవ్వగలిగిన మందు ఉండొచ్చు. రక్తం, మూత్రం ఇచ్చి వెళ్ళండి, చాలు. మత్తు అక్కర్లేదు." తండ్రి కూర్చున్నాడు.

పరీక్షలు ఆ గీత చెప్పిందే చెప్పాయి. పొడి మందు మొదలుపెట్టారు. కొన్ని నెలలకు పాప మళ్ళీ వచ్చింది. మూర్ఛలు బాగా తగ్గాయి. అందరు పిల్లల్లా అవ్వలేదు, అవుతుందని మేడమ్ ఎవరికీ మాట ఇవ్వలేదు కూడా. కానీ మా గది తలుపు దగ్గర చెవులు మూసుకుని, "చప్పుడు" అంది. తల్లి నా వైపు చూసి, "నేను మాట్లాడుతూనే ఉన్నానండి, మొదట్నుంచీ" అంది.

ఆ నిపుణుడు ఫోను చేసి మేడమ్ గారిని మెచ్చుకున్నాడు. నాకు క్షమాపణ చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. అదే మేడమ్ గారితో అంటే, పాప రిపోర్టు నకలు నా ముందుకు తోశారు. కింద ఆవిడ చేతి రాత: "గీత తీసినది రంగారావు. నమ్మవచ్చు." పదకొండేళ్ళలో ఆవిడ నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. అదీ నాతో కాదు, కాగితంతో.

మేడమ్ పోయి రెండేళ్ళయింది. ఆవిడ మిషనులో పడుకున్న రోజు హడావుడిలో, ఆ గీతకు పేరు ఏం రాయమంటారని అడిగితే, "రెండో సీసా అని రాయి" అన్నారు. మిషనులో ఇప్పటికీ ఆ పేరుతోనే ఉన్నారు. ఇవాళ తాడేపల్లిగూడెం నుంచి ఇంకో పాప వచ్చింది. పొద్దున్నే సీసా పరీక్ష చేశాను. పాప మెడలో దారం తీయించి పుస్తకంలో రాశాను. గీత వచ్చాక, దాని పక్కన రెండో సీసాను తెరిచి పెట్టాను. ఆవిడ గీతలో మధ్య గుట్ట నిటారుగా ఉంది.