గోనె కప్పిన నలభై ఐదు కిలోలు

నా చిన్నప్పుడు మా ఊళ్లో పిల్లల గురించి అడిగితే మార్కులు చెప్పేవారు కాదు, కిలోలు చెప్పేవారు. విజయనగరానికి ఆటోలో అరగంట దూరం మా ఊరు. వరి, నువ్వులు, మొక్కజొన్న, వీటి తరవాత మా దగ్గర బాగా పండేది వెయిట్ లిఫ్టర్లేనని పక్క ఊళ్లవాళ్లు ఎగతాళి చేసేవారు. "మావోడు యాభై ఎత్తుతన్నాడు" అని ఒక తండ్రి అంటే, ఆ యాభై మళ్లీ పెరిగేదాకా ఊరంతా గుర్తుపెట్టుకునేది. తగ్గితే ఇంకా బాగా గుర్తుపెట్టుకునేది. పిల్లాడికి ఒంట్లో బాగోలేదేమోనని ఇంటికొచ్చి పలకరించిన వాళ్లున్నారు.

మా ఆరుగురు పిల్లలకి బరువులెత్తడం నేర్పింది పక్కింటి అక్క. ఆమె తొమ్మిదేళ్లపాటు పోటీలకి వెళ్లి, నడుము దెబ్బతిని మానేసింది. కొత్తవలస రైల్వే స్టేషన్లో ఉద్యోగం. పొద్దున్న అయిదింటికి తన పెరట్లో రేకుల షెడ్డులో మాకు నేర్పి, ఆ తరవాత డ్యూటీకి పోయేది. షెడ్డుకి గడియే గాని తాళం ఉండేది కాదు. లోపల వీధివైపు కిటికీ ఎదురుగా ఒక నల్లబల్ల. ఎవరు ఎంత ఎత్తాలో ప్రతి సోమవారం దాని మీద సుద్దతో రాసేది. పొలాలకి పోయేవాళ్లు కిటికీలోంచి దాన్ని చదువుకుని మరీ పోయేవారు.

నాకు పదమూడో ఏడు. ఆ ఏడాది స్పోర్ట్స్ హాస్టల్ సెలక్షన్స్ ఉన్నాయి. నా వెయిట్ కేటగిరీలో జిల్లా మొత్తానికి ఒకటే సీటు. వయసు లెక్కన నాకు అదే ఆఖరి అవకాశం. మా నాన్న ముందే తేల్చి చెప్పేశాడు. "ఈసారి సీటొస్తే సరి. నేకపోతే ఈ ఇనుము కత అక్కడితో సరి, బుద్ధిగా సదువుకోవాల." నేను సరేనన్నాను. నేల మీంచి భుజాలకి, భుజాల మీంచి తలపైకి, నేను అరవై కిలోలు ఎత్తేవాణ్ణి. జిల్లాలో నా వయసులో అంత ఎత్తేవాడు నాకు తెలిసి ఇంకొక్కడే ఉన్నాడు. వాడు మా షెడ్డులోనే ఉన్నాడు, పైగా అక్కకి సొంత మేనల్లుడు.

సెలక్షన్స్‌కి ఇంకా నాలుగు వారాలుందనగా ఒక సోమవారం బల్ల మీద నా పేరు ఎదుట ముప్పై ఆరు అని ఉంది. మేనల్లుడి పేరు ఎదుట యాభై ఏడు. పొరపాటున రాసిందేమోనని చూశాను. ఆమె అంకె దిద్దలేదు. నేను అడగలేదు. ఆ పొద్దున్న ముప్పై ఆరు కిలోలు తల దించుకునే ఎత్తాను. సాయంత్రానికల్లా కిరాణా కొట్టు దగ్గర ఒక పెద్దాయన ఆపి, "ఏట్రా, జొరమొచ్చిందేటి? సగానికి పడిపోనావు" అన్నాడు.

అప్పటికే నాకు ప్రతిదీ రాసుకునే అలవాటు ఉంది. ఏ రోజు ఎంత ఎత్తాను, ఎన్నిసార్లు, ఎన్ని గంటలు పడుకున్నాను, అన్నీ ఒక రూళ్ల పుస్తకంలో ఉండేవి. ఆ రాత్రి దాని వెనక అట్ట లోపలివైపు అక్క మీద నా అనుమానాలు వరసగా రాశాను. ఒకటి, సీటు ఒకటే. రెండు, మేనల్లుడు పోయిన వారమంతా ప్రాక్టీసు మానేసి సముద్రం ఒడ్డున భావనపాడులో వాళ్ల పెద్దమ్మగారింటికి వెళ్లాడు, అయినా వాడి బరువు తగ్గించలేదు. మూడు, వారం రోజులుగా ఆమె నా మొహంకేసి చూసి ఏమీ అనకుండా పక్కకి వెళ్లిపోతోంది. నాలుగు, ఈ రోజు వాడు ఎత్తుతున్నప్పుడు "బాగుంది" అంది, నాతో అనలేదు. ఐదో నంబరు వేసి వదిలేశాను, తరవాత దొరుకుతుందని. అన్నీ కలిపి చూస్తే ఒకటే అర్థం కనిపించింది. నన్ను మెత్తబరచి, వాణ్ణి పంపాలని చూస్తోంది.

అవి ఒంటిపూట బడుల రోజులు. మధ్యాహ్నం పన్నెండున్నరకి ఇంటికొచ్చేసేవాణ్ణి. అక్క డ్యూటీలో ఉండేది, వాళ్లమ్మగారు ముందు గదిలో ఫ్యాను కింద పడుకునేది. మంగళవారం నుంచి శనివారం దాకా ఐదు మధ్యాహ్నాలు నేను గడియ తీసుకుని షెడ్డులోకి వెళ్లి నా బరువు నేను ఎత్తుకున్నాను. చప్పుడు కాకుండా కింద పాత పరుపు వేసుకున్నాను. మొదటి రోజు యాభై ఏడు లేచింది. గురువారం నాటికి అది రెండోసారి లేవడం మానేసింది. శుక్రవారం మోకాళ్లు కాలుతున్నట్టు అనిపించింది. శనివారం యాభై నాలుగు భుజాల దాకా వచ్చి అక్కణ్ణించి కదల్లేదు. దానికి కారణం కూడా పుస్తకంలో రాశాను: పొద్దున్న ముప్పై ఆరు ఎత్తించడం వల్ల బలం పోతోంది. ఐదో నంబరు దొరికింది.

ఆదివారం మేం షెడ్డుకి వెళ్లేసరికి మధ్యలో ఒక వింత వస్తువు ఉంది. బారుకి రెండు వైపులా ప్లేట్లు వేసి, వాటి మీద గోనె సంచులు కప్పి, సంచుల్లో గడ్డి కుక్కి, దబ్బనంతో కుట్టేశారు. లోపల ఎన్ని ప్లేట్లున్నాయో, ఎంత పెద్దవో తెలియడానికి వీల్లేదు. అక్క బల్ల పక్కన ముక్కాలిపీట వేసుకుని కూచుని ఉంది. ఒక్కొక్కరు వచ్చి దాన్ని భుజాల దాకా ఎత్తి దింపాలి, ఎంత బరువుందో వచ్చి ఆమె చెవిలో చెప్పాలి, ఇంకెవరికీ వినబడకూడదు.

బరువు అంచనా కట్టడంలో నన్ను మించినవాడు లేడని నాకు గర్వం. మిగిలినవాళ్లు ఎత్తుతుంటే నవ్వుతూ చూశాను. నా వంతు వచ్చింది. అక్క లేచి వచ్చి, ప్లేట్లు జారిపోకుండా బారు చివర ఉండే బిగింపులు ఒకసారి తిప్పి వెళ్లింది. ఎత్తాను. దింపాను. వెళ్లి చెవిలో "యాభై ఐదు" అన్నాను, సందేహం లేకుండా. ఆమె ముఖంలో ఏమీ కనబడలేదు. అందరిదీ అయ్యాక సుద్ద తీసి ఆరు అంకెలూ బల్ల మీద రాసింది. ముగ్గురు నలభై ఐదుకి అటూ ఇటూగా చెప్పారు. ఒక అమ్మాయి నలభై మూడు అంది. మేనల్లుడు నలభై అన్నాడట. నాది చివర్లో, అందరికంటే పైన, యాభై ఐదు. కింద గీత గీసి అసలు బరువు రాసింది. నలభై ఐదు.

అందరూ నావైపు తిరిగారు. నాకు మాత్రం ఆమె తిప్పిన బిగింపులే గుర్తొచ్చాయి. నా వంతప్పుడు ఇంకేదో తగిలించి ఉంటుంది. అప్పటిదాకా లోపల ఉన్నదంతా ఒక్క మాటలో బయటికి వచ్చేసింది. "నేను నమ్మను. కాటా వెయ్యాల." ఆమెతో అలా మాట్లాడినవాడు అంతకుముందు లేడు. అక్క మేనల్లుడికేసి చెయ్యి చూపించింది. "వీణ్ణి తోడు తీసుకుని మిల్లుకి ఎల్లు. నువ్వే ఏయించు, నువ్వే సూడు."

బారుని సైకిలు మీద అడ్డంగా పెట్టుకుని ఇద్దరం రైస్ మిల్లుకి నడిపించుకుపోయాం. మిల్లులో కాటా దగ్గరున్నాయన మమ్మల్ని చూసి, "ఏట్రా, గోనెలేసుకుని ఊక తెచ్చినారేటి" అని నవ్వాడు. నేను నవ్వలేదు. కాటాయే తప్పు కావచ్చు కదా. ముందు నేను దాని మీద ఎక్కి నిలబడ్డాను, తరవాత వాణ్ణి నిలబెట్టాను. బళ్లో తూచినప్పుడు వచ్చిన అంకెలే ఇద్దరికీ వచ్చాయి. అప్పుడు బారు పెట్టించాను. నలభై ఐదు కిలోల ఎనిమిది వందల గ్రాములు. ఎనిమిది వందల గ్రాములు ఎక్కడివని బ్లేడు అడిగి తీసుకుని కుట్లు కోసేశాను. లోపల ఒక్కోవైపు పది కిలోల ప్లేటు ఒకటి, అయిదు కిలోలది ఒకటి, బారు పదిహేను కిలోలు. మిగిలినదంతా గడ్డి, గోనె. ఆ గడ్డి కూడా విడిగా తూయించాను.

అప్పటికి నవ్వుతున్నది మిల్లాయన కాదు, మేనల్లుడు. మిల్లు అరుగు మీద కూచుని వాడు చెప్పింది విన్నాక నా పుస్తకం వెనక అట్టలో రెండో నంబరు పోయింది. వాణ్ణి భావనపాడు పంపించింది అక్కే. "అత్త వారం రోజులు ఇనుము ముట్టొద్దంది. బోటువాళ్ల కాడ తెడ్డొకటి అడిగి, దాన్నే బారునాగ ఎత్తమంది. రోజూ ఇసకలో తెడ్డు ఎత్తుతా ఉంటే ఆళ్లు ఒకటే నవ్వడం." బల్ల మీద తక్కువ అంకె రాస్తే ఊరు ఏమంటుందో ఆమెకి తెలుసు, అందుకని సొంతవాణ్ణి ఆ నవ్వు నుంచి తప్పించింది. నన్ను మాత్రం తప్పించలేదు. అంతవరకు నా అనుమానం నిజమే. కానీ వాడు ఇంకో మాట కూడా చెప్పాడు. "నేను ఆడ కూచుని ఏడిసినాను, తెలుసా? నన్ను ఊరికి తోలేసి, ఈలోపు నీకు బాగా నేర్పి నిన్నే పంపించేత్తాదనుకున్నాను." ఇద్దరం ఒకే మనిషి మీద ఒకే అనుమానం పడ్డాం. వాడు మాత్రం చెప్పినట్టే చేశాడు, అదొక్కటే తేడా.

తిరిగి వెళ్లేసరికి అక్క ఒక్కర్తే ఉంది. ఎంతొచ్చిందని అడిగింది. గ్రాములతో సహా చెప్పాను. ఆమె మూలన ఉన్న ప్లేట్లకేసి చూపించింది. మిగిలిన పిల్లలు ప్లేట్లు ఎక్కడివక్కడ పడేసిపోతారు. ఆ వారమంతా సాయంత్రం ఆమె డ్యూటీ నుంచి వచ్చి చూస్తే అవి పెద్దవి కింద, చిన్నవి పైన, అంకెలన్నీ ఒకేవైపుకి తిరిగి ఉంటున్నాయట. ఊళ్లో అలా సర్దేవాణ్ణి ఆమెకి తెలిసి నేనొక్కణ్ణే. మంగళవారమే తెలిసిపోయిందన్నమాట. మరి ఎందుకు ఆపలేదని అడిగాను. మాటతో ఆపితే ఆగేవాణ్ణి కాదంది, అంకె చూపిస్తేనే నమ్ముతానని తనకి తెలుసంది. అలిసిపోయిన ఒళ్లు దొంగ తరాజు లాంటిదని, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుందని, నా ఒళ్లు నెల రోజులుగా అలాగే చూపిస్తోందని చెప్పింది. జెర్క్‌లో, అంటే భుజాల మీంచి బారుని తలపైకి నెట్టేటప్పుడు, నా మోకాలు లోపలికి పోవడం, బారు ముందుకి జారడం, పొద్దున్నే నా కళ్లు వాచి ఉండడం, ఇవన్నీ వరసగా చెప్పింది. నా పుస్తకంలో ఇవేవీ లేవు.

"నాకు ఎవులూ తగ్గించనేదురా. పైకి, పైకి, అంతే. ఒకనాడు నడుం కాడ టప్పుమన్నాది" అంది, ఆ మాట చెప్తున్నప్పుడు నావైపు చూడకుండా. తరవాత ఇంకోటి అంది. "నువ్వు అడగనేదు, నేను సెప్పనేదు. నాది కూడా తప్పే. మావోణ్ణి దాసినాను, నిన్ను బల్ల మీదెట్టినాను. అది ఇంకా తప్పు."

సెలక్షన్స్‌కి మూడు వారాలే మిగిలాయి. నేను పాడుచేసుకున్న విశ్రాంతికి బదులు అందులో ఒక వారం మళ్లీ ముప్పై ఆరుకే ఇవ్వాలి. ఇస్తే మిగిలేది రెండే. ఆ రాత్రి నేను చాలాసేపు లెక్కలు వేసుకున్నాను, ఏ లెక్కా తేలలేదు. పొద్దున్న వెళ్లి ముప్పై ఆరు ఎత్తాను. పూర్తిగా నమ్మి కాదు. కాటా అబద్ధం చెప్పలేదు కాబట్టి. ఈసారి బల్ల మీద ఆమె ఎవరి అంకెనీ రాయలేదు. మొదటి మూడు రోజులూ ఏ తేడా లేదు. నాలుగో రోజు రాత్రి అన్నం మూడోసారి పెట్టమన్నాను, మా అమ్మ గిన్నెకేసి చూసి నాకేసి చూసింది. ఆరో రోజు అలారం కంటే ముందు లేచాను. తరవాతి సోమవారం యాభై ఏడు ఎత్తినప్పుడు బారు తేలిపోయినట్టు వచ్చింది, ఆగి ప్లేట్ల మీది అంకెలు మళ్లీ చదివాను.

సెలక్షన్స్ విజయనగరంలో జరిగాయి. నేను అరవై మూడు ఎత్తాను. అంతకుముందెప్పుడూ ఎత్తని బరువు అది. మా నాన్న గోడవార నిలబడి కండువాతో ముఖం తుడుచుకోవడం చూశాను. ఆ తరవాత మేనల్లుడు అరవై ఐదు ఎత్తాడు. సీటు వాడికి వచ్చింది.

బస్సులో అక్క పక్క సీట్లో కూచున్నాను. ఒక వారం పారేసుకోకపోతే ఆ రెండు కిలోలు వచ్చేవా అని అడిగాను. అవునంటే నన్ను శిక్షిస్తోందనుకునేవాణ్ణి. కాదంటే ఓదారుస్తోందని అనుమానపడేవాణ్ణి. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఏటోరా. నాకు తెల్దు" అంది. ఆ రోజు నుంచి ఆమె ఏం చెప్పినా నమ్మాను.

మా నాన్న అన్న మాట మీద నిలబడ్డాడు, నేనూ నిలబడ్డాను. పాలిటెక్నిక్, ఆ తరవాత ఇంజనీరింగ్. ఇప్పుడు శ్రీకాకుళంలో ఉద్యోగం, సాయంత్రాలు జిమ్ము. ప్రతి ఐదో వారం నా బరువులు సగానికి దగ్గరగా దించేస్తాను. పక్కన కుర్రాళ్లు నా బారుకేసి ఒకసారి, నాకేసి ఒకసారి చూసి ఒకళ్లనొకళ్లు మోచేత్తో పొడుచుకుంటారు. చూడనిస్తాను.

ఆఫీసులో నా చేతిలో పని ఎవరైనా తీసి పక్కవాడికి ఇస్తే, ఇంట్లో నేను మోస్తున్నది ఎవరైనా అడక్కుండా అందుకుంటే, నాకు ముందు వచ్చేది ఇప్పటికీ అనుమానమే. ఒకటి, రెండు, మూడు అని మనసులో కారణాలు పడిపోతూనే ఉంటాయి. అది నన్ను వదల్లేదు, వదులుతుందని కూడా అనుకోను. కాకపోతే ఆ లెక్కని మరునాటికి మోసుకుపోను. ఆ రోజు సాయంత్రం లోపే వెళ్లి, ఎందుకు తగ్గించావని ఆ మనిషినే అడుగుతాను. తెలీదనే జవాబు వచ్చినా సరే, అడిగే ఇంటికి వస్తాను.