పిన్ని వైపు కిటికీ

దుప్పట్ల బాబాయికి పొద్దున్నే ఒక అలవాటు ఉండేది. పాత పికప్ బండి చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ తాకి కళ్ళకద్దుకుని, "దేవుడా, ఈ దుప్పట్ల కింద పడుకునేవాళ్ళని తొందరగా ఇంటికి పంపించు" అనేవాడు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికించి చేరవేయడమే ఆయన బతుకుతెరువు. తన బేరం తగ్గాలని దేవుణ్ణి వేడుకునే వ్యాపారి ఇంకొకడు ఉంటాడనుకోను. ఆ తర్వాత ఖాళీ పక్క సీటు మీదుగా వంగి, అటువైపు అద్దాన్ని పిడి తిప్పి దించేవాడు.

ఆ సీటు పిన్నిది. పదహారేళ్ళు ఆయన పక్కనే కూర్చుని తిరిగింది. పోయినేడు మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది కానీ పట్టు రాలేదు. చినుకు పడితే బాబాయి నడిరోడ్డు మీద బండి ఆపి, వంగి, ఆవిడ అద్దం ఎత్తాలి. వెనక హారన్ల మోత.

"నా ఒక్క అద్దం కోసం బజారంతా ఆగడమేమిటండీ, ఇంటిపట్టునే ఉంటాను" అని పిన్ని మానేసింది.

నాలుగు నెలలైంది. మాట్లాడే తోడు లేక బాబాయి గేరుతో మాట్లాడడం మొదలుపెట్టాడు. అది జవాబిచ్చేది కానీ, ఏం చెప్పినా ఒకటే మూలుగు.

పిన్నిని మళ్ళీ ఎక్కించుకోవాలంటే మీట నొక్కితే లేచే అద్దాలు, తాళాలు పెట్టించాల్సిందే అనుకున్నాడు. పని బావమరిదికి అప్పజెప్పాడు. అతను ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేస్తాడు.

"మోటారు ఏదైనా మోటారే బావా. తిరిగేదేదీ నా మాట కాదనదు."

"మా మిక్సీ కాదందిగా."

"అది అక్క మిక్సీ. దానికి అక్క బుద్ధులొచ్చాయి."

ఇరుకు సందు. పిన్ని వైపు తలుపుకీ గోడకీ మధ్య జానెడే. తలుపు తెరిచే వీలులేక బావమరిది సీటు మీద బోర్లా పడి రెండు రోజులు పనిచేశాడు. ఎదురింటి దర్జీ ఎవరూ అడక్కుండానే కుట్టుపని ఆపుకుని వచ్చి టార్చిలైటు పట్టాడు. చివరికి తలుపులోంచి బండిలోకి వచ్చే తీగల్ని బావమరిది బిర్రుగా లాగి బిగించి, మిగిలిన కొసలు కత్తిరించాడు.

"తలుపు తెరుచుకునేలా బండి కాస్త ముందుకు తియ్యనా?" అన్నాడు బాబాయి.

"ఎందుకు? తీగ వేలాడితే అది పనితనం కాదు బావా."

మర్నాడు పిన్ని బాబాయి వైపు నుంచి ఎక్కి తన సీట్లోకి జరిగింది. మీట నొక్కితే అద్దం జుయ్యిమని దిగింది, లేచింది. తాళం టక్కున పడింది. దారి పొడుగునా అదే ఆట.

"చాల్లేవే, బ్యాటరీ అలిసిపోతుంది."

"పదహారేళ్ళు పిడి తిప్పిన చెయ్యి. దీన్ని కాస్త సుఖపడనివ్వండి."

ఆసుపత్రి గేటు దగ్గర కావలివాడు ఉన్నాడు. పెద్ద డాక్టరొచ్చినా కుర్చీలోంచి లేవని మనిషి. సగం దించిన అద్దంలోంచి పిన్ని మొహం కనబడగానే పరుగున వచ్చాడు.

"ఎన్నాళ్ళకమ్మా, దిగండి దిగండి" అంటూ తలుపును రెండు చేతులా బార్లా తెరిచాడు.

లోపలెక్కడో ఫట్‌మంది. అద్దం సగంలోనే నిలిచిపోయింది. ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. తలుపు సందులో తీగలు రెండు ముక్కలై కనిపించాయి.

బాబాయి బావమరిదికి ఫోన్ చేశాడు.

"తలుపు పూర్తిగా తెరిచారా?"

"తెరిచాం."

"ఎవరు తెరవమన్నారు బావా?"

"తలుపు ఉన్నది ఎందుకురా?"

"మూసినంతసేపూ బాగానే ఉందిగా" అన్నాడు అతను, నొచ్చుకుంటూ.

అంతలో చినుకులు మొదలయ్యాయి. బాబాయి దుప్పట్లు దించి తిరిగి వచ్చేసరికి, తప్పంతా తనదే అనుకున్న కావలివాడు తన గొడుగును కిటికీకి అడ్డం పెట్టి, తాను తడుస్తూ నిలబడి ఉన్నాడు. లోపల పిన్ని తడిసిన మణికట్టు తుడుచుకుంటోంది. ఇక రానంటుందేమోనని బాబాయికి భయం పట్టుకుంది. బండెక్కాడు కానీ తాళంచెవి తిప్పలేదు.

"చూడూ, రేపటికి ఇది బాగవుతుందో లేదో నీ తమ్ముడికే తెలీదు. వానొస్తే తడుస్తావు. ఎక్కినా దిగినా నా వైపు నుంచే. ఇన్ని కష్టాలు చెప్పి అడక్కూడదు గానీ, నాకో సాయం చేసిపెట్టు. రేపు కూడా రా."