ఓడలో దండెం

సూదిపిన్ని సంగతి చెప్పాలంటే ముందు ఆవిడ నోటి సంగతి చెప్పాలి. వీధిలో అందరి చొక్కాలూ గౌన్లూ కుట్టే మనిషి గనక ఆ పేరు స్థిరపడిపోయింది. కుట్టుమిషన్ పక్కన పవిత్ర గ్రంథం తెరిచి పెట్టుకుని, ఎదురుగా బొత్తాలు కుట్టే అత్తగారికి రోజూ చదివి వినిపించేది. చదవడమంటే ఉత్త చదవడమా! జలప్రళయం వచ్చి, ఒకే ఒక్క కుటుంబమూ జంతువులూ ఓడ ఎక్కిన కథ వస్తే చాలు, పిన్ని కూడా ఎక్కి కూర్చునేది.

"ఇంతకీ అంతమంది బట్టలు ఎవరుతికారే?" అనేది అత్తగారు.

"ఇంకెవరత్తయ్యా, కోడళ్లే! ఉతకడానికి నీళ్లకేం కొదవ? ఆరేసే చోటే లేదు."

అత్తాకోడళ్లు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేవారు. నవ్వు తగ్గాక మాత్రం పిన్నికి గుబులు పుట్టేది. తనకున్నది భక్తేనా, ఉత్త వేళాకోళమా? ఎవరినన్నా అడగాలంటే భయం.

ఇలా ఉండగా ప్రార్థన మందిరంలో వారం వారం చదివే వంతు పిన్నికి వచ్చింది. అక్కడి పెద్దాయన మహా ఖచ్చితం. ఒక్క మాట సొంతంగా కలిపినా మళ్లీ వంతు ఇవ్వడు. "నోరు అదుపులో పెట్టుకోవే తల్లీ" అని అత్తగారు దారిపొడుగునా పోరు పెట్టింది. ఆవిడే చెప్పాలి మరి!

పిన్ని బుద్ధిగానే మొదలుపెట్టింది. వాన పడింది, ఓడ తేలింది, అంతా బాగానే ఉంది. ఎటొచ్చీ చేతిలో కుట్టే బట్ట లేదు గానీ, నోటికి ఇంటి అలవాటే. ఏం చేస్తుంది పాపం!

"అప్పుడు చిన్నకోడలు జిరాఫీ మెడకో కొస, ఏనుగు దంతానికో కొస కట్టి దండెం వేసింది. మామగారి చొక్కా ఆరేసిందో లేదో, జిరాఫీ తల వంచింది. చొక్కా కాస్తా నీళ్లపాలు!"

మందిరమంతా ఘొల్లున నవ్వింది. పిన్ని నాలిక కరుచుకుంది.

"అమ్మాయ్, అది ఏ పేజీలో ఉంది?" అన్నాడు పెద్దాయన.

"ఎక్కడా లేదండీ. నాకు కనబడిందండీ." పిన్నికి ఏడుపొచ్చేసింది. "చదువుతుంటే అందులోకి వెళ్లిపోతానండీ. నాకు భక్తి లేదేమోనండీ."

పెద్దాయన గ్రంథం అందుకుని మిగతాది తానే చదివాడు. వాన వెలిసింది, వరద తీసింది, ఓడ తలుపు తెరుచుకుంది. అక్కడ ఆగిపోయి కళ్లజోడు తీశాడు.

"రాసింది రాసినట్టే చదవాలమ్మా. నీకు కనబడినదాన్ని, కనబడిందని వేరే చెప్పు. కానీ భక్తి లేనిదే అంత లోపలికి ఎలా వెళ్లావ్? నేను ఇన్నేళ్లు చదివాను గానీ ఒక్కనాడూ ఆ ఓడ ఎక్కలేదు." గొంతు తగ్గించి అడిగాడు. "తలుపు తీశారు కదా. ముందు ఎవరు దిగారు?"

పిన్ని కళ్లు తుడుచుకుని మూసుకుంది. ముఖం వెలిగిపోయింది. "అత్తగారండీ! ఆవిడ దిగకుండా మనల్ని దిగనిస్తుందా?"

వెనక వరసలో అత్తగారు ఠక్కున లేచి నిలబడింది. "దిగుతా, దిగుతా! నేలంతా బురదే. ఎవరైనా చెయ్యందించండర్రా!"

జనం మళ్లీ నవ్వారు, ఆ నవ్వు ఇంకా ఆగనేలేదు. పెద్దాయన గబగబా వెళ్లి చెయ్యి చాచాడు.

"మెల్లగా అడుగెయ్యండమ్మా," అన్నాడు, "ఇక్కడ జారుతోంది."