అత్తయ్య చెప్పే మనూరు

మొన్న సాయంత్రం మా భవానీపురం అపార్టుమెంటు వాచ్‌మన్ భార్య, శ్రీకాకుళం నుంచి వచ్చి ఏడాదైనా కాని మనిషి, గేటు దగ్గర నన్ను చూసి "మనూళ్ళో వానలు పడతన్నాయంటండీ" అని ఎంతో సంబరంగా చెప్పింది. ఆ ఊరు నేనెన్నడూ చూసి ఎరగను. అయినా అవునా అమ్మా అనేసి, ఇంట్లోకి వచ్చేశాను. అలా నన్ను కూడా తన ఊరివాణ్ణి చేసేసుకుని మాట్లాడిన మనిషి ఇదివరకు మా మేనత్త ఒక్కతే.

అత్తయ్య పుట్టింది కూచిపూడి దగ్గరే. పెళ్ళయ్యాక మామయ్యకి రేవులో పని దొరికితే రంగూన్ వెళ్ళి, అక్కడ మనవాళ్ళని ఉండనివ్వని రోజులొచ్చి, ఓడెక్కి తిరిగొచ్చి, మామయ్య పోయాక మా ఇంట్లోనే ఉండిపోయింది. డెబ్బయిల్లో మేం కాలేజీ పిల్లలం. చేప తిన్నా, చీర కట్టినా, ఎండ కాసినా, రంగూన్ని తలుచుకుని మనూళ్ళో ఇలా కాదురా అనడం ఆవిడకి అలవాటు, అది పట్టుకుని ఆటపట్టించడం మాకు అలవాటు. తమాషా ఏమిటంటే, రంగూన్లో ఉన్నన్నాళ్ళూ కృష్ణ ఒడ్డునున్న పుట్టినూరినే ఆవిడ మనూరు అనేదని మామయ్య చెప్పి నవ్వేవాడు.

ఏటా నవంబరులో మా క్రైస్తవ కుటుంబాలకు సమాధుల పండుగ. నాన్న ముందుగానే వెళ్ళి తాతయ్య, నాయనమ్మల సమాధులకు సున్నం వేసి వస్తే, మేమంతా బంతిపూలూ కొవ్వొత్తులూ పట్టుకుని వెళ్ళేవాళ్ళం. ఒక ఏడు అత్తయ్య తన కొవ్వొత్తి వెలిగించకుండా అలాగే నిలబడిపోయింది. రంగూన్లో పుట్టి, పసితనంలోనే జ్వరమొచ్చి అక్కడే పోయిన కొడుకు సంగతి మాకు తెలుసు గాని, ఆవిడ ఎప్పుడూ ఎత్తేది కాదు. సమాధులు దూరాన ఉన్నవాళ్ళు ఆ సమాధుల తోట నడుమ పెద్ద సిలువ కింద వెలిగించడం మావాళ్ళ ఆనవాయితీ, నాన్న అదే గుర్తు చేశాడు.

"బాబు ఇక్కడ లేడు గదరా తమ్ముడూ, మనూళ్ళో ఉన్నాడు. ఒక్కసారి నన్ను తీసుకెళ్ళరా" అంది.

నాన్న చిన్న గుమస్తా. ఆ దేశంలోకి రానిచ్చేవాళ్ళూ లేరు. అక్క చెయ్యి పట్టుకుని ఏడ్చాడు, అంతకన్నా ఆయన చేయగలిగింది లేదు, మాకు అదీ చేతకాలేదు. కొవ్వొత్తి అలాగే ఇంటికి వచ్చింది.

మరుసటి ఏడు అత్తయ్య సమాధి మీదే కొవ్వొత్తులు పెట్టాం. ఇప్పుడు ఏ ఊరైనా అరచేతిలోకి వచ్చేస్తోంది, మా మనవరాలు ఫోనులో రంగూన్ వీధులు చూపించింది, సమాధుల తోటలు కూడా కనబడ్డాయి. వాటిలో బాబు ఎక్కడున్నాడో చెప్పగలిగిన మనిషి మా ఇంట్లో ఎవరూ మిగల్లేదు.